వెల్లింగ్టన్ నుంచి వచ్చిన గోలీ – పీటర్ తంగరాజ్

మన సంఘం సంచికలలో యుద్ధవీరుల జీవితాలు వచ్చాయి, పరమవీరచక్ర గ్రహీతల గురించి వచ్చింది, ఎన్నో మంచి వ్యాసాలు వచ్చాయి. ఈ ఏడు ఒక ఫుట్‌బాల్ గోల్ కీపర్ గురించి రాస్తానని నేనే కమిటీ వారిని అడిగాను. పేరు పీటర్ తంగరాజ్ అనగానే ఒక పెద్దాయనకు సందేహం వచ్చింది. పేరు చూస్తే తమిళుడిలా ఉన్నాడు, తెలుగువాళ్ళ పుస్తకంలో ఆయన ఎందుకు అని. సందేహం సబబైనదే. దానికి జవాబు వివరంగానే చెప్పాలి, ఎందుకంటే తంగరాజ్‌ని కలకత్తా వాళ్ళు మావాడు అంటారు, తమిళ సోదరులు మావాడు అంటారు, బొకారోలో అయితే ఇంకా గట్టిగా అంటారు. మనమే అనలేదు ఇన్నాళ్ళూ.

ఆయన 1935 డిసెంబరు 24న హైదరాబాదులో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం, పక్కనే సికింద్రాబాద్ కంటోన్మెంటు. మద్రాసు పల్టన్లతో పాటు వచ్చి అక్కడే స్థిరపడిన తమిళ కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఎన్నో ఉండేవి. వాళ్ళ పిల్లలు ఇంట్లో ఒక భాష, బజారులో తెలుగు, ఉర్దూ, స్కూల్లో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగేవారు. మన కంటోన్మెంటు క్వార్టర్లలో పెరిగే పిల్లలు కూడా అంతే కదా. పిల్లాడు ఎవరివాడు అంటే పేరును బట్టి చెప్పలేం, ఏ గ్రౌండులో ఆడి పెరిగాడో చూడాలి. తంగరాజ్ మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే క్లబ్బులకు ఆడుతూ పైకి వచ్చాడు. ఆయన కంటే ఏడాది చిన్నవాడు తులసీదాస్ బలరాం, అమ్ముగూడ కుర్రాడు, అదే కాలంలో అదే సికింద్రాబాదులో బంతి తంతూ ఎదిగాడు. తర్వాత ఇద్దరూ కలిసి దేశానికి ఆడారు.

ఆ రోజుల్లో హైదరాబాదు ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు కొట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక మళ్ళీ మొదలైన మొదటి డ్యూరాండ్ కప్పు 1950లో ఇక్కడే ఢిల్లీలో జరిగింది. దాన్ని కూడా మోహన్ బగాన్‌ని ఓడించి హైదరాబాద్ పోలీసులే పట్టుకుపోయారు. ఆ జట్టు వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన పేరు తర్వాత మళ్ళీ వస్తుంది.

తంగరాజ్ మాత్రం పోలీసులోకి పోలేదు, ఫౌజులోకి వచ్చాడు. 1953లో నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్లో చేరాడు. అప్పటికి ఆయన గోల్ కీపర్ కాదు, సెంటర్ ఫార్వర్డ్. గోల్ కొట్టే వాడు గోల్ ఆపేవాడిగా మారాడన్నమాట. మనకు ఫౌజులో ఇది వింత కాదు. డ్రైవరుగా వచ్చిన వాడు క్లర్కు అవుతాడు, క్లర్కుగా వచ్చిన వాడు బాక్సర్ అవుతాడు. ఉస్తాద్ ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడాలి. కాకపోతే ఫార్వర్డుగా ఆడిన వాడికి ఫార్వర్డు మనసు తెలుస్తుంది, వాడు ఏ కాలితో ఎటు కొడతాడో ముందే పసిగడతాడు. పైగా మనిషి ఆరడుగులు దాటిన ఎత్తు. నేను వెల్లింగ్టన్‌లో రిక్రూటుగా ఉన్నప్పటికి ఆయన ఆ సెంటర్ వదిలి పాతికేళ్ళు పైనే అయింది. అయినా గ్రౌండు దగ్గర పాత ఉస్తాదులు ఆయన మాట ఎత్తకుండా ఉండేవారు కాదు. చేత్తో విసిరితే బంతి సగం గ్రౌండు దాటేదని చెప్పేవాళ్ళు. మేము అంతా నవ్వుకునేవాళ్ళం, తర్వాత కలకత్తా వాళ్ళు కూడా అదే మాట చెప్పగా విన్నాను.

గోలీ పని ఆ రోజుల్లో ఎంత కష్టమో ఒక్క మాట చెప్పాలి. చేతులకు ఇప్పటి మాదిరి దిట్టమైన గ్లవ్స్ లేవు, చాలామంది వట్టి చేతులతోనే ఆడేవారు. బంతి తోలుది, వాన పడితే నీళ్ళు పీల్చి రాయిలా బరువెక్కేది. బంతి పట్టుకుని నాలుగు అడుగులు వేస్తే మళ్ళీ నేలకు కొట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, బంతి చేతిలో ఉన్న గోలీని ఎదుటి ఫార్వర్డు భుజంతో గుద్ది బంతితో సహా గోల్‌లోకి తోసేయడానికి అప్పటి రూలు ఒప్పుకునేది. ఇప్పుడు గోలీని ముట్టుకుంటే విజిల్. అప్పుడు ఎత్తు, బలం లేని వాడు ఆ పోస్టుల మధ్య నిలబడలేడు. కార్నర్ కిక్ వచ్చినప్పుడు పది మంది తలల పైనుంచి చెయ్యి చాపి బంతి తీసుకోవడంలోనే తంగరాజ్ పేరంతా ఉంది. ఆయన బయటికి వచ్చాడంటే బ్యాకులు పక్కకు తప్పుకునే వారట.

1955లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టు ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఫైనల్లో ఎయిర్‌ఫోర్సు మీద 3-2. అంటే కప్పు ఎటు పోయినా సర్వీసెస్‌లోనే ఉండేది. అప్పుడు సైన్యాధిపతి జనరల్ శ్రీనాగేశ్, తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా చేసిన వారు. 1958లో మళ్ళీ అదే జట్టు, ఈసారి ఫైనల్లో గోర్ఖా బ్రిగేడ్ మీద 2-0. ఒక రెజిమెంటల్ సెంటర్ జట్టు కలకత్తా పెద్ద క్లబ్బులు ఆడే టోర్నమెంటును నాలుగేళ్ళలో రెండు సార్లు గెలవడం ఎంత మాటో డ్యూరాండ్ చూసిన వాళ్ళకు తెలుసు. నేను ఢిల్లీ కంటోన్మెంటులో పోస్టింగులో ఉన్నప్పుడు ఢిల్లీ గేటు దగ్గర అంబేద్కర్ స్టేడియంలో డ్యూరాండ్ చూసేవాణ్ణి. మన సర్వీసెస్ జట్లు మొదటి రౌండ్లలోనే ఇంటికి వస్తుంటే బాధగా ఉండేది. 2016లో ఆర్మీ గ్రీన్ అదే అంబేద్కర్ స్టేడియంలో పెనాల్టీల మీద కప్పు గెలిచిన రోజు మా పాత బ్యాచి వాళ్ళం ఫోన్లు చేసుకున్నాం.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో తంగరాజ్ ఉన్నాడు. కోచ్ రహీం. ఆస్ట్రేలియా మీద 4-2 గెలిచి, సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో ఓడి, భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో అంతకంటే పైకి మనం ఎప్పుడూ పోలేదు. ఆ జట్టులో ఇంకో గోలీ బొంబాయికి చెందిన ఎస్.ఎస్. నారాయణ్. 1958లో తంగరాజ్ ఆసియాలో ఉత్తమ గోల్ కీపర్‌గా ఎంపికయ్యాడు. వెల్లింగ్టన్ లంగరులో అన్నం తిన్న సిపాయి ఆసియా మొత్తానికి నంబర్ వన్ గోలీ అయ్యాడన్నమాట!

1960 రోమ్ ఒలింపిక్స్ గురించి జనం తక్కువ మాట్లాడుకుంటారు, ఎందుకంటే అక్కడ ఒక్క మ్యాచ్ గెలవలేదు. కానీ స్కోర్లు చూడండి. హంగరీ చేతిలో 1-2. ఫ్రాన్సుతో 1-1. పెరూ చేతిలో 1-3. హంగరీకి గోల్ కొట్టిన వాళ్ళలో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఒకడు, 1967లో యూరప్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి తీసుకున్నవాడు. అదే 1967లో తంగరాజ్‌కు అర్జున అవార్డు వచ్చింది. మనవైపు హంగరీకి, పెరూకి గోల్ కొట్టింది బలరాం, ఫ్రాన్సుకు కొట్టింది కెప్టెన్ పి.కె. బెనర్జీ. ఫ్రాన్సు మీద గెలుపు ఆఖరు నిమిషాల్లో చేజారింది. అంత మందిని అంతసేపు ఆపిన వాడి పేరు స్కోరు కాగితంలో ఎక్కడా కనపడదు. సెంట్రీ డ్యూటీ చేసినవాళ్ళకు ఈ సంగతి నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ సీజన్‌లోనే, అంటే 1960-61లో, తంగరాజ్ కెప్టెన్‌గా సర్వీసెస్ జట్టు కోజికోడ్‌లో బెంగాల్‌ని ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. సర్వీసెస్‌కు అదే మొదటిది. రెండోది 2011-12లో గాని రాలేదు. మధ్యలో 51 ఏళ్ళు! ఆ తర్వాత మనవాళ్ళు వేగం అందుకున్నారు, 2023-24లో గెలిచిన దానితో కలిపి 7 అయ్యాయి. అరుణాచల్‌లో ఆ ఏడో ట్రోఫీ ఎత్తిన కుర్రాళ్ళలో ఎంతమందికి మొదటి కెప్టెన్ పేరు తెలుసో?

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండొనేసియా రానివ్వలేదు, దాని మీద మన జి.డి. సోంధీ గట్టిగా ప్రశ్నించారు, దాంతో అక్కడి జనం మనవాళ్ళ మీద మండిపడ్డారు. ఫుట్‌బాల్ జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓడింది. తర్వాత థాయిలాండు మీద, జపాను మీద గెలిచి, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటింది. ఈలోగా తంగరాజ్ జ్వరంతో మంచం పట్టాడు. గోల్‌లో ప్రద్యుత్ బర్మన్ నిలబడ్డాడు, బాగా ఆడాడు కూడా. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్ళీ అదే కొరియా.

రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. ఆయన ముందున్న ప్రశ్న ఎవరికైనా కష్టమైనదే. గెలిపిస్తూ వచ్చిన గోలీని ఉంచాలా, జ్వరం నుంచి లేచిన వాడిని దించాలా? బర్మన్ తప్పు ఏమీ చేయలేదు. రహీం తంగరాజ్‌నే దించారు. కొరియా వాళ్ళు బంతిని ఎత్తుగా లోపలికి వేస్తారు, దానికి ఎత్తైన మనిషి కావాలన్నది పాత ఫుట్‌బాల్ వాళ్ళు చెప్పే కారణం. నాకు తోచేది ఇంకొకటి. ఆ రోజు దించిన వాళ్ళంతా అలాంటివాళ్ళే. జర్నైల్ సింగ్ తలకు కుట్లు, ఆయనను బ్యాక్ నుంచి తీసి సెంటర్ ఫార్వర్డుగా పెట్టారు. త్రిలోక్ సింగ్ కాలి వేలికి దెబ్బ. లక్ష మంది జనం మన జాతీయ గీతానికే గోల చేశారట. అంత జనంలో మనకోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్ళని చెబుతారు, లోకం ఎంత చిత్రమో చూడండి. 17వ నిమిషంలో బెనర్జీ, మరి 3 నిమిషాలకు జర్నైల్ గోల్ కొట్టారు. అక్కడి నుంచి గంటకు పైగా పని అంతా వెనకవాళ్ళది. కొరియా ఒక్క గోల్ కొట్టగలిగింది, అదీ ఆఖరి 5 నిమిషాలలో. 2-1. బంగారు పతకం. జట్టులో బలరాం, యూసుఫ్ ఖాన్, గోల్‌లో తంగరాజ్, బయట రహీం, నలుగురూ మన జంటనగరాల వాళ్ళే. రహీం మరుసటి ఏడు జూన్‌లో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మళ్ళీ ఈ దేశానికి రాలేదు. 2024లో మైదాన్ సినిమా వచ్చినప్పుడు మా ఇంట్లో పిల్లలకు తంగరాజ్ అనే మనిషి ఉన్నాడని మొదటిసారి తెలిసింది. సినిమాకు ఆ పుణ్యం దక్కుతుంది.

1964లో ఇజ్రాయెల్‌లో ఆసియా కప్పులో మనవాళ్ళు రెండో స్థానంలో నిలిచారు, 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడలకూ తంగరాజ్ వెళ్ళాడు. ఫౌజు వదిలాక కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. అక్కడి అభిమానులు ఒక క్లబ్బు వాడిని ఇంకో క్లబ్బు వాళ్ళు మెచ్చుకోరు. అయినా మంచి గోలీల లెక్క వచ్చేసరికి ముగ్గురూ తంగరాజ్ పేరు దగ్గరే ఆగుతారు. కలకత్తా పోస్టింగులో టీ కొట్టు దగ్గర ఈ వాదన నేను చాలాసార్లు విన్నాను. నేను హైదరాబాదు వైపు వాణ్ణి అంటే ముసలాయన ఒకరు టీ డబ్బులు తీసుకోలేదు.

1971లో ఆట మానేశాక గోవాలోనూ, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలోనూ కోచింగ్ ఇచ్చాడు. చివరికి బొకారో ఉక్కు పట్టణంలో స్థిరపడి అక్కడి కుర్రాళ్ళకు నేర్పాడు. 2008 నవంబరు 24న బొకారోలోనే గుండెపోటుతో పోయారు. 73 నిండటానికి సరిగ్గా నెల తక్కువ.

సందేహం అడిగిన పెద్దాయన ఈ వివరాలన్నీ విన్నాక ఒప్పుకున్నారు, పైగా ఇంకో సంగతి గుర్తు చేశారు. 1958 డ్యూరాండ్ ఫైనల్ నాటికి ఢిల్లీలో ఉన్న మన తెలుగు కుటుంబాలు కొన్ని ఇప్పటికీ ఇక్కడే ఉన్నాయి. ఆ మ్యాచ్ గాని, ఆ తర్వాత కలకత్తా జట్లతో తంగరాజ్ ఢిల్లీ వచ్చి ఆడిన మ్యాచ్‌లు గాని కళ్ళారా చూసిన పెద్దలు ఉంటే, నాలుగు ముక్కలు రాసి గాని, ఇంట్లో పిల్లల చేత రాయించి గాని సంఘం కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాను. ఫోటో ఉంటే మరీ సంతోషం, కాపీ తీసుకుని భద్రంగా తిరిగి ఇచ్చేస్తాం.