ఫుట్‌బాల్ పంతులు రహీం సాబ్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుకని నేను సయ్యద్ అబ్దుల్ రహీం గురించి రాస్తానన్నాను. ఆయన మన బడిలో చదవలేదు, పని చేయలేదు. అయినా ఈ ఏడాది మన సంఘంలో నడుస్తున్న వాదన ఆయన జీవితం తెలిసినవాళ్లకు కొత్తగా అనిపించదు.

దూరాన ఉండి ఈ వాదన వినని మిత్రుల కోసం రెండు మాటలు. స్వర్ణోత్సవ నిధిలో ఆటలకు తీసిపెట్టిన డబ్బు ఎలా ఖర్చు చేయాలన్నది ప్రశ్న. చుట్టుపక్కల బడుల్లో బాగా ఆడుతున్న ఐదారుగురు పిల్లలకు ఫీజు, హాస్టలు మనమే పెట్టుకుని ఇక్కడ చేర్పిస్తే బడుల మధ్య జరిగే ఫుట్‌బాల్ కప్పు ఈ ఏడే మనదవుతుందని కొందరంటున్నారు. ఏ బడిలో ఏ పిల్లాడు ఏ స్థానంలో ఆడతాడో జాబితా కూడా తయారైంది. రాత్రంతా యూరప్ మ్యాచ్‌లు చూసి, ఫలానా క్లబ్బు ఫలానా ఫార్వర్డును కొనాలా వద్దా అని తెల్లవారేదాకా కొట్లాడుకునే మన చిన్న బ్యాచ్‌ల తమ్ముళ్లు ఇందులో ముందున్నారు. అదే డబ్బుతో మూడేళ్లపాటు ఫుట్‌బాల్ తెలిసిన పీఈటీని పెట్టుకుందామని ఇంకొందరం అంటున్నాం. బడికి నాలుగేళ్లుగా పీఈటీ లేరు. ఆటల పీరియడ్‌లో లెక్కల సార్ సిలబస్ పూర్తి చేసుకుంటున్నారు. ఆయన్ని మాత్రం ఏమనగలం!

ఇక రహీం సాబ్ సంగతి.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి బడిపంతులు అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో మొదలుపెట్టి, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పని చేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని ఆటల బాధ్యత చూశారు. సొంతంగా కూడా ఆడేవారు. కానీ ఆయన పేరు నిలిచింది ఆడినందుకు కాదు. ఇండియా జట్టు కోచ్‌గా ఆయన గురించి ఎంతోమంది రాశారు. ఆయన ముందు బడిలో డ్రిల్ సార్ అన్న సంగతి మాత్రం ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు ఆ వాక్యమే ముఖ్యం అనిపిస్తుంది. నలభైమంది పిల్లల్ని ఒకే గ్రౌండులో, రెండే బంతులతో, గంటసేపు అదుపులో పెట్టినవాడికి తెలిసే కొన్ని కిటుకులు ఉంటాయి. ఆయన తర్వాత చేసిన పనుల్లో అవి కనిపిస్తాయి.

1940లలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. అదే కాలంలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టును చనిపోయేదాకా విడిచిపెట్టలేదు. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్పు వరుసగా ఐదుసార్లు మన పోలీసులదే. 1950లో ఢిల్లీ డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. అప్పటికి కలకత్తా జట్లంటే దేశానికి పెద్దన్నలు. చార్మినార్ దగ్గరి గల్లీల నుంచి, సికింద్రాబాద్ కంటోన్మెంట్ బస్తీల నుంచి వచ్చిన కానిస్టేబుళ్లు వాళ్లను మట్టి కరిపించడం చిన్న సంగతి కాదు.

ఇక్కడ అవతలి పక్షం మిత్రులకు ఒక మాట ఒప్పుకోవాలి. పోలీసు ఉద్యోగం ఇచ్చి ఆటగాణ్ణి తెచ్చుకోవడమూ ఒక రకం కొనుగోలే. నెలజీతం, పింఛను ఉన్న కొలువు అంటే ఆ రోజుల్లో పేద ఇంటి కుర్రాడికి అంతకంటే ఏం కావాలి? రహీం సాబ్ ఎంపిక చేసుకోలేదని నేననను. కానీ ఆయన తెచ్చుకున్నది తయారైనవాళ్లను కాదు. వచ్చాక ఏం చేశారన్నదే అసలు కథ.

ఆయన పెట్టిన పోటీలు కొన్ని వింటే మన పిల్లలు నవ్వుతారు. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక టోర్నమెంటు. బంతి కాలికి తగలగానే ఇంకొకడికి ఇచ్చేయాలి. మరొక పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. మొదటి వారం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. బంతి ఒకవైపు, తన్నినవాడు ఒకవైపు! కానీ ఇందులో లెక్క ఉంది. మన దేశంలో ప్రతి వీధి ఆటగాడికీ సొంతంగా నలుగురిని తప్పించుకుపోవాలని సరదా. చిన్న గ్రౌండులో, చిన్న జట్ల మీద అది చెల్లుతుంది. ఎదుటివాళ్లు బలంగా, వేగంగా ఉన్నప్పుడు బంతి పోతుంది, మనిషికి దెబ్బ తగులుతుంది. బంతి మనిషికంటే వేగంగా పరుగెత్తుతుందని నోటితో చెబితే ఎవరూ వినరు. నియమంగా పెడితే వాడే నేర్చుకుంటాడు. రెండో కాలు సంగతీ అంతే. ఒకే కాలు ఉన్న ఫార్వర్డును ఎటువైపు తోయాలో బ్యాక్‌కు ముందే తెలుసు. రెండు కాళ్లూ వచ్చినవాణ్ణి ఆపాలంటే కష్టం. ఆ రోజుల్లో దేశవాళీ మ్యాచ్‌లు 70 నిమిషాలే. బయటి దేశాలతో ఆడితే 90. ఆ చివరి 20 నిమిషాలు మనవాళ్లకు కాళ్లు లేచేవి కావు. అందుకని ఒంటి కష్టం మీద, పరుగు మీద కూడా ఆయన పట్టు విడవలేదు.

తులసీదాస్ బలరాం సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రాడు. లీగు మ్యాచ్‌లో అతణ్ణి చూసి రహీం సాబ్ హైదరాబాద్ జట్టు సాధనకు రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవని కుర్రాడు వెనక్కి తగ్గాడు. కిరాయి సైకిలుకు రోజుకో రూపాయి రహీం సాబ్ ఇచ్చారు. 1956లో ఆ కుర్రాడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. మన తమ్ముళ్ల జాబితాలోని పిల్లల్ని తెచ్చుకోవడానికి ఎంత అవుతుందో లెక్క వేశారు కదా, దాని పక్కన ఈ రూపాయి సైకిలు కిరాయి కూడా ఒకసారి రాసి చూడండి.

మరి కొనేవాళ్లు ఎవరు? కలకత్తా వాళ్లు. అక్కడ ఆటగాళ్లు జట్లు మారే కాలాన్ని దల్ బదల్ అనేవాళ్లు. ఐఎఫ్‌ఏ ఆఫీసులో సంతకం పెట్టే రోజు దాకా, అవతలి క్లబ్బు వాళ్లు ఎత్తుకుపోతారేమోనని కొత్త ఆటగాణ్ణి ఎక్కడో ఇంట్లో దాచిపెట్టడం మామూలే. ఎవరు ఎటు వెళ్తున్నారన్నది మైదానం చుట్టూ టీ కొట్లలో పెద్ద చర్చ. ఈస్ట్ బెంగాల్ వాళ్లు పంచ పాండవులని మురిసిపోయిన ఫార్వర్డులు ఐదుగురూ దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే. బలరాం కూడా 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఇక్కడ నేర్చుకున్నవాడు అక్కడ హీరో అయ్యాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, పేద ఆటగాడికి మంచి బతుకు దొరికింది. హైదరాబాద్ మాత్రం 1956, 1957 సంవత్సరాల్లో వరుసగా సంతోష్ ట్రోఫీ గెలుస్తూనే ఉంది. ఒకడు వెళ్తే ఆ చోటికి ఇంకొకడు తయారై ఉండేవాడు.

దేశం జట్టుకు వచ్చేసరికి కొనడం, అమ్మడం అసలే లేవు. ఉన్నవాళ్లతోనే సంసారం. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఫైనల్లో ఇరాన్ మీద ఒక్క గోల్‌తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ చలిలో, తడి గడ్డి మీద వట్టి కాళ్లతో! ఏ కోచ్‌కైనా తలెత్తుకోలేని రోజు అది. తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం సాబ్ తలవంచుకుని ఇంట్లో కూర్చోలేదు. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును వెంబ్లీలో 6-3తో ఓడించిన పద్ధతి మీద ఆయన దృష్టి పడింది. సెంటర్ ఫార్వర్డు గోల్ దగ్గర నిలబడకుండా వెనక్కి వస్తాడు, అతణ్ణి కాపలా కాసే బ్యాక్ అతని వెంట వస్తే వెనక దారి ఖాళీ, రాకపోతే అతను తీరిగ్గా బంతి పంచుతాడు. ఆ ఆలోచనను మనవాళ్ల ఒంటికి సరిపోయేలా మార్చి నేర్పారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్. ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనమే కొట్టినా చివరికి 4-1తో ఓడాం. తర్వాత బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. నాలుగేళ్ల కింద పది గోల్స్ తిన్నవాళ్లమని గుర్తుంచుకుని ఈ స్కోరు చదవాలి. నాలుగేళ్లలో మన ఆట ఎంత మారిందో అప్పుడు తెలుస్తుంది. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేశారు, హంగరీ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడారు. ఆ జట్టులో ఆయన కొడుకు హకీం కూడా ఉన్నాడు. కొడుకని చెప్పి ఆడించలేదు.

ఇక 1962 జకార్తా. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. రెండో మ్యాచ్‌లో థాయ్‌లాండ్ మీద గెలిచాం గానీ, డిఫెన్స్‌కు గోడలాంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌తో మ్యాచ్ అతను ఆడలేదు. సెమీఫైనల్‌కు రహీం సాబ్ ఏం చేశారంటే, ఆ కుట్లున్న బ్యాక్‌ను తీసుకుపోయి సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టారు. కాలేజీ రోజుల్లో జర్నైల్ ముందు వరసలో ఆడేవాడన్న సంగతి ఆయన మరిచిపోలేదు. దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు, 3-2తో ఫైనల్‌కు చేరాం.

సెప్టెంబరు 4న ఫైనల్. అవతల మళ్లీ కొరియా. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆహ్వానించకపోవడం మీద భారత ప్రతినిధి ఒకరు మాట్లాడిన మాటలకు స్టేడియంలో జనమంతా మన మీద కోపంగా ఉన్నారు. గోల్‌లో తంగరాజ్, అతనూ హైదరాబాద్‌లో పుట్టినవాడే. ముందు వరసలో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, మధ్యలో తలకు కట్టుతో జర్నైల్. 17వ నిమిషంలో పీకే, 20వ నిమిషంలో జర్నైల్. కొరియా చివర్లో ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1తో బంగారు పతకం మనది. ఆ తర్వాత ఈ అరవై ఏళ్ల పైచిలుకులో ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారు పతకం రాలేదు.

జర్నైల్‌ను రహీం సాబ్ పెంచలేదు, అతను పంజాబ్ నుంచి కలకత్తాకు వెళ్లి ఎదిగినవాడు. ఈ మాట ముందే చెబుతున్నా, లేకపోతే మా తమ్ముళ్లు పట్టుకుంటారు. కానీ మంచి బ్యాక్‌లో మంచి ఫార్వర్డు దాక్కుని ఉన్నాడని ఏ కొనుగోలు జాబితాలోనూ ఉండదు. వాణ్ణి రోజూ చూసేవాడికి, వాడి పాత ఆట గురించి అడిగి తెలుసుకున్నవాడికి అది తెలుస్తుంది.

రహీం సాబ్ 1963 జూన్ 11న చనిపోయారు. యాభై నాలుగు కూడా నిండలేదు. ఆయన బతికుండగా ప్రభుత్వ పురస్కారం ఏదీ ఇవ్వలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. 2024లో హిందీలో మైదాన్ సినిమా వచ్చాక గానీ మన ఊళ్లో చాలామంది పిల్లలకు ఆయన పేరు తెలియలేదు. ఆయన పోయాక కూడా కొంతకాలం ఆ నీళ్లు పారాయి. నయీముద్దీన్, హబీబ్ ఇక్కడి నుంచి కలకత్తాకు వెళ్లి పేరు తెచ్చుకున్నారు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం గెలిచిన జట్టుకు నయీమే కెప్టెన్. తర్వాత షబ్బీర్ అలీ లాంటివాళ్లు వచ్చారు. ఆ తర్వాత తగ్గిపోయింది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ గెలిచినప్పుడు మనమంతా సంబరపడ్డాం. ఆ జట్టులో మన గల్లీల పిల్లలు ఎందరని వెతికితే సంబరం కొంచెం తగ్గింది.

ఉత్సవాల రెండో రోజు ఉదయం జరిగే సర్వసభ్య సమావేశంలో పీఈటీ ప్రతిపాదన ఎజెండాలో నాలుగో అంశం. ఆటగాళ్ల జాబితా ఐదోది. భోజనాలకు ముందే ఓటింగు పెడతామని కార్యదర్శి చెప్పారు కాబట్టి దయచేసి అందరూ పదిన్నరకల్లా వచ్చి కూర్చోండి.