హోమీ జహంగీర్ భాభా

హోమీ జహంగీర్ భాభా (అక్టోబరు 30, 1909 – జనవరి 24, 1966) సుప్రసిద్ధ భారతీయ భౌతిక శాస్త్రవేత్త, భారత అణుశక్తి కార్యక్రమ రూపశిల్పి. టాటా మౌలిక పరిశోధనా సంస్థకు, నేడు ఈయన పేరు మీదనే ఉన్న భాభా అణు పరిశోధనా కేంద్రానికి వ్యవస్థాపకుడు. సూర్యునిలో జరిగే కేంద్రక సంలీనాన్ని మానవుడు రెండు దశాబ్దాలలో అదుపులోకి తెచ్చుకోగలడని 1955లో ఈయన వేసిన అంచనా శక్తి వనరుల చర్చలలో నేటికీ ప్రస్తావనకు వస్తుంటుంది.

బాల్యం, విద్యాభ్యాసం

భాభా బొంబాయిలో ఒక సంపన్న పార్సీ కుటుంబంలో జన్మించాడు. తండ్రి జహంగీర్ న్యాయవాది, తల్లి మెహర్‌బాయి. మేనత్త దొరాబ్జీ టాటా భార్య. 1927లో ఇంజనీరింగు చదవడానికి కేంబ్రిడ్జి వెళ్ళి, 1930లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. అయితే ఈయన ఆసక్తి భౌతిక శాస్త్రం మీదనే ఉండడంతో తండ్రి అనుమతితో గణితం, సైద్ధాంతిక భౌతిక శాస్త్రాల వైపు మరలాడు.

పరిశోధనలు

ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కణాల పరస్పర పరిక్షేపణపై ఈయన చేసిన పరిశోధన భాభా పరిక్షేపణగా పేరు పొందింది. 1937లో హైట్లర్‌తో కలిసి విశ్వకిరణాల జల్లు ఏర్పడే విధానాన్ని వివరించాడు. 1939లో సెలవులకు స్వదేశం వచ్చినపుడు రెండవ ప్రపంచ యుద్ధం ప్రారంభం కావడంతో ఇక్కడే ఉండిపోయి, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరాడు. 1941లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు.

సంస్థల నిర్మాణం

టాటా ట్రస్టు సహాయంతో 1945లో టాటా మౌలిక పరిశోధనా సంస్థను స్థాపించాడు. 1948లో ఏర్పడిన అణుశక్తి సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1954లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. 1956 ఆగష్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. ఈయన వద్ద పనిచేసిన తెలుగు శాస్త్రవేత్త ఎ.ఎస్.రావు 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ స్థాపనకు కారకుడయ్యాడు.

జెనీవా సదస్సు

అణుశక్తి శాంతియుత వినియోగంపై ఐక్యరాజ్య సమితి 1955 ఆగష్టులో జెనీవాలో జరిపిన తొలి సదస్సుకు భాభా అధ్యక్షత వహించాడు. మానవ చరిత్రను కండబలం, బొగ్గు చమురు వంటి ఇంధనాలు, అణుశక్తి అనే మూడు యుగాలుగా విభజించి, ఇంధన నిల్వలు తరిగిపోక తప్పదని హెచ్చరించాడు. సంలీనం సాధ్యమైతే సముద్ర జలంలోని భార హైడ్రోజనే ఇంధనమవుతుందని, శక్తి కొరత శాశ్వతంగా తీరుతుందని వివరించాడు. అప్పటికి పలు దేశాలలో ఈ పరిశోధనలు రహస్యంగా సాగుతున్నాయి. 1958లో జరిగిన రెండవ సదస్సు నాటికి ఆ రహస్యం తొలగిపోయింది.

మూడు దశల ప్రణాళిక

ఇంతటి ఆశాభావం ఉన్నప్పటికీ, దేశ ప్రణాళికను భాభా సంలీనంపై ఆధారపరచలేదు. అప్పటికే రుజువైన కేంద్రక విచ్ఛిత్తినే ఎంచుకొన్నాడు. దేశంలో యురేనియం తక్కువ, కేరళ తదితర తీరాల ఇసుకలో థోరియం ఎక్కువ. అందువలన మొదట సహజ యురేనియం రియాక్టర్లు, తరువాత ప్లుటోనియంతో పనిచేసే ఫాస్ట్ బ్రీడర్లు, చివరకు థోరియం ఆధారిత రియాక్టర్లు నిర్మించాలని ప్రతిపాదించాడు. ఇందులో మూడవ దశ ఇంకా వాణిజ్య స్థాయికి చేరలేదు.

మరణం

1966 జనవరి 24న వియన్నాలో జరిగే సమావేశానికి వెళ్తుండగా, ఈయన ప్రయాణిస్తున్న ఎయిర్ ఇండియా విమానం ఆల్ప్స్ పర్వతాలలోని మౌంట్ బ్లాంక్‌పై కూలిపోయింది. విమానంలోని 117 మందీ మరణించారు. 1967లో ట్రాంబే కేంద్రానికి భాభా పేరు పెట్టారు.

అంచనా – తదనంతర పరిణామాలు

భాభా చెప్పిన గడువు 1975తో ముగిసింది. కోట్ల డిగ్రీల ఉష్ణోగ్రత గల ప్లాస్మాను గోడలకు తగలకుండా చాలినంత సేపు బంధించి ఉంచడం ఊహించినదాని కన్నా కష్టమని తేలింది. భారతదేశంలో ఆదిత్య టోకమాక్ 1989లో గాంధీనగర్ సమీపంలో పని ప్రారంభించింది. ఫ్రాన్సులో నిర్మాణంలో ఉన్న ఐటర్ ప్రాజెక్టులో భారత్ 2005లో చేరింది. 2024లో సవరించిన ప్రణాళిక ప్రకారం అందులో డ్యుటీరియం, ట్రిటియం ఇంధనంతో ప్రయోగాలు 2039లో మొదలుకావాలి. 2022 డిసెంబరులో అమెరికా శాస్త్రవేత్తలు 2.05 మెగాజౌళ్ళ లేజరు శక్తితో 3.15 మెగాజౌళ్ళ సంలీన శక్తిని రాబట్టారు. అయితే ఆ లేజర్లను నడపడానికి దాదాపు 300 మెగాజౌళ్ళ విద్యుత్తు ఖర్చయింది.

మరోవైపు, జెనీవా సదస్సుకు ఏడాది ముందే, 1954లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాల సుమారు 6 శాతం సామర్థ్యం గల సిలికాన్ సౌర ఘటాన్ని ప్రదర్శించింది. ఖరీదు ఎక్కువ కావడం వలన చాలాకాలం అది ప్రధానంగా ఉపగ్రహాలకే పరిమితమైంది. ధరలు పడిపోయిన తరువాత, 2025 ఆరంభంలో భారతదేశపు సౌర విద్యుత్ స్థాపిత సామర్థ్యం 1,00,000 మెగావాట్లు దాటింది. అప్పటికి దేశ అణు విద్యుత్ సామర్థ్యం 9,000 మెగావాట్ల లోపే ఉంది. అయితే సౌర విద్యుత్తు రాత్రి పూట లభించదు. పవన విద్యుత్తు గాలిపై ఆధారపడుతుంది. నిల్వ ఏర్పాట్లు లేనిదే వీటిపైనే ఆధారపడడం కష్టం. రేయింబవళ్ళు నిలకడగా, బొగ్గుపులుసు వాయువు వెలువడకుండా విద్యుత్తు ఇవ్వగలదన్న ఆశతోనే సంలీన పరిశోధనలు కొనసాగుతున్నాయి.