న్యాయమూర్తుల నియామక విధాన రూపకల్పనలో అల్లాడి

భారత రాజ్యాంగ రచనలో ప్రముఖ పాత్ర వహించిన న్యాయకోవిదులలో సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అగ్రగణ్యులు. న్యాయమూర్తులను ఎవరు, ఏ విధంగా నియమించాలన్న జటిలమైన ప్రశ్నపై జరిగిన తొలి కసరత్తులో ఆయన భాగస్వామి కావడం విశేషం.

1883 మే 14న నెల్లూరు జిల్లా పుదూరు గ్రామంలో అర్చక కుటుంబంలో శ్రీ అల్లాడి జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో విద్యనభ్యసించి, న్యాయశాస్త్ర పట్టా పొంది, న్యాయవాద వృత్తిలో అచిరకాలంలోనే అగ్రస్థానానికి చేరుకున్నారు. 1929 నుంచి 1944 వరకు మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా సేవలందించారు. అనంతరం రాజ్యాంగ సభకు ఎన్నికై, డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షతన ఏర్పడిన ముసాయిదా సంఘంలో సభ్యులయ్యారు.

అమెరికాలో పలు రాష్ట్రాలు న్యాయమూర్తులను ప్రజల ఓటుతో ఎన్నుకుంటాయి. ఆ దేశ ఫెడరల్ న్యాయస్థానాలకు అధ్యక్షుడు ప్రతిపాదించిన వారిని సెనేట్ ఆమోదించవలసి ఉంటుంది. బ్రిటన్‌లో నాడు నియామకాధికారం ప్రభుత్వానిదే. వీటిలో ఏ పద్ధతినీ యథాతథంగా స్వీకరించరాదని మన రాజ్యాంగ నిర్మాతలు భావించారు.

సుప్రీంకోర్టు స్వరూపాన్ని పరిశీలించేందుకు ఎస్. వరదాచారి అధ్యక్షతన నియమితమైన అయిదుగురు సభ్యుల సంఘంలో శ్రీ అల్లాడి ఒకరు. నియామకాలను రాష్ట్రపతి ఇష్టానికే విడిచిపెట్టడం సముచితం కాదని ఆ సంఘం 1947 మే నెలలో నివేదించింది. హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తులు, ఉభయ సభల సభ్యులు, కేంద్ర న్యాయాధికారులతో కూడిన 11 మంది మండలికి నియామకాలలో ప్రమేయం కల్పించాలని సూచించింది. అయితే 1948 నాటి ముసాయిదాలో ఈ మండలికి చోటు దక్కలేదు. న్యాయమూర్తులను సంప్రదించి రాష్ట్రపతి నియమించే విధానమే అందులో చేరింది.

1949 మే 24న ఈ అంశం రాజ్యాంగ సభలో చర్చకు వచ్చింది. పార్లమెంటులో మూడింట రెండు వంతుల ఆమోదం ఉండాలని కొందరు, ప్రధాన న్యాయమూర్తి సమ్మతి తప్పనిసరి చేయాలని మరికొందరు సవరణలు ప్రతిపాదించారు. మొదటిది రాజకీయ ఒత్తిళ్లకు తావిస్తుందని, రెండవది ఒకే వ్యక్తికి మితిమీరిన అధికారం కట్టబెడుతుందని డాక్టర్ అంబేద్కర్ వివరించగా, సంప్రదింపుల మధ్యేమార్గమే నిలిచింది. న్యాయవ్యవస్థ స్వతంత్రంగా ఉండాలని, అయితే అది శాసనసభకు మించిన శాసనసభగా మారరాదని శ్రీ అల్లాడి సభలో స్పష్టం చేశారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించిన రెండు రోజులకే, అక్టోబరు 3న ఆయన పరమపదించారు. కుమారుడు జస్టిస్ అల్లాడి కుప్పుస్వామి తదనంతర కాలంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించారు.

సంప్రదింపు అనే ఆ ఒక్క పదానికి అర్థమేమిటన్న వివాదం అనంతర దశాబ్దాలలో పలుమార్లు న్యాయస్థానానికి చేరింది. 1993లో సుప్రీంకోర్టు తీర్పుతో కొలీజియం పద్ధతి ఏర్పడింది. నియామకాల సంఘాన్ని నెలకొల్పుతూ పార్లమెంటు 2014లో ఆమోదించిన చట్టాన్ని 2015లో అదే న్యాయస్థానం కొట్టివేసింది. నియామకాధికారం ఒకే చేతిలో ఉండరాదన్న 1947 నాటి ఆలోచన ఈ చర్చలన్నింటికీ మూలంగా నిలవడం శ్రీ అల్లాడి దూరదృష్టికి నిదర్శనం.