రామదాసు జైలుకి ఎందుకు వెళ్ళారు? పుకార్లు పక్కన పెడితే మిగిలే కథ



భద్రాచలం రామదాసు పేరు సెర్చ్ చేస్తే రెండు రకాల థంబ్‌నెయిల్స్ వస్తాయి. ఒకదానిలో ఆయన సర్కారు సొమ్ము తినేసిన ఆఫీసర్. రెండోదానిలో హిందువు గుడి కట్టాడన్న కోపంతో ముస్లిం రాజు హింసించిన అమాయకుడు. రెండింటికీ లక్షల్లో వ్యూస్ ఉంటాయి. రెండూ చూశాక కూడా అసలు మనిషి గురించి మనకి తెలిసేది చాలా తక్కువ. మా ఖానాపురం హవేలి నుంచి ఆయన పుట్టిన నేలకొండపల్లి సుమారు 20 కిలోమీటర్లే. ఇక్కడ పెరిగినవాళ్ళకి ఈ కథ ఉగ్గుపాలతో వచ్చేసినట్టే. అందుకే ఈ పోస్ట్‌లో కాస్త నిదానంగా చెప్పుకుందాం.

అసలు పేరు కంచర్ల గోపన్న. తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. కాలం 17వ శతాబ్దం, గోల్కొండలో కుతుబ్‌షాహీల పాలన. నవాబు అబుల్ హసన్, అంటే మనం తానీషా అని పిలుచుకునే ఆయన, 1672లో గద్దెనెక్కాడు. కొద్ది కాలానికే అక్కన్న, మాదన్న అనే బ్రాహ్మణ సోదరులు ఆ రాజ్యంలో చక్రం తిప్పే స్థాయికి వచ్చారు. వాళ్ళు గోపన్నకి మేనమామలని చెబుతారు. వాళ్ళ చలవతోనే పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చిందంటారు.

తహసీల్దారు అనగానే ఇప్పటి ఎమ్మార్వో ఆఫీసు ఊహించుకోకండి. అప్పట్లో పరగణాకి ఇంత శిస్తు అని ముందే లెక్క కట్టేవాళ్ళు. అది గోల్కొండకి చేరాల్సిందే. తగ్గితే వసూలు చేసే అధికారి మెడకే చుట్టుకునేది. బకాయి పడ్డ అధికారుల్ని జైల్లో వేయడం, కొట్టడం ఆ రోజుల్లో మామూలే. వాళ్ళది ఏ మతమైనా సరే. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే సగం పుకార్లు అక్కడే రాలిపోతాయి.

ఉద్యోగంలో ఉండగా గోపన్న భద్రాచలం వెళ్ళారు. అక్కడ పోకల దమ్మక్క అనే అడవి బిడ్డ స్వామి విగ్రహాల్ని కనుగొని, చిన్న పందిరి వేసి, దొరికిన పండ్లూ ఫలాలూ నైవేద్యం పెట్టుకుంటోంది. గుడి కథ మొదలైంది ఆమె దగ్గరే, గోపన్న తర్వాత వచ్చారు. (థంబ్‌నెయిల్స్‌లో దమ్మక్క ఎందుకు కనిపించదో నాకు ఎప్పటికీ అర్థం కాదు.) ఆ పందిరి చూసి ఆయన మనసు ఆగలేదు. విరాళాలు పోగు చేశారు. అవి చాలకపోతే శిస్తు సొమ్ము కూడా వాడారు. ప్రజలు పంట చేతికొచ్చాక ఇస్తామన్నారని కొందరంటారు, విరాళాలు తప్ప ఖజానా డబ్బు ముట్టనే లేదని ఇంకొందరంటారు. మొత్తం ఆరు లక్షల వరహాలని జనంలో ఉన్న లెక్క.

భక్తులుగా మనకి ఇక్కడ ఇబ్బందిగా ఉంటుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఖజానా సొమ్ము ఏమైందని అడగడం నవాబు హక్కు. ఆ ప్రశ్నని మతద్వేషం అనేస్తే మనం రామదాసుని కాపాడినట్టు కాదు. ఎందుకంటే ఆయనే ఆ ప్రశ్న నుంచి తప్పించుకోలేదు. ఇక్ష్వాకు కులతిలక కీర్తన మొత్తం వినండి. భరతుడికి పచ్చల పతకం, సీతమ్మకి చింతాకు పతకం, అంటూ ఏ నగకి ఎంత పట్టిందో వరుసగా చెప్పుకొస్తారు. అది ఏడుపూ, కోపమూ కలిసిన ఒక ఖర్చుల పద్దు! రాముణ్ణి నిలదీసి, దెబ్బలకి తాళలేక తిట్టానని వెంటనే క్షమాపణ కూడా అడుగుతారు. డబ్బు తన సొంతానికి వాడుకున్న మనిషి లెక్కలు పాటగా కట్టి పాడతాడా?

ఇంక తేదీల సంగతి. గోల్కొండలో పన్నెండేళ్ళు జైలు అని అందరం చెప్పుకుంటాం. మాదన్న 1674 ప్రాంతంలో పైకి వచ్చాడు. 1686లో అన్నదమ్ములిద్దర్నీ గోల్కొండలోనే చంపేశారు. 1687లో కోట ఔరంగజేబు చేతికి చిక్కింది. ఉద్యోగం, గుడి కట్టడం, ఆపైన పన్నెండేళ్ళ జైలు, విడుదల, ఇవన్నీ ఈ టైమ్‌లైన్‌లో పట్టవు. ఉద్యోగం అంతకు ముందే వచ్చుండాలి, లేదా జైలు కాలం తక్కువైనా ఉండాలి. 2006 శ్రీరామదాసు సినిమాలో నాగేశ్వరరావు గారు వేసిన కబీర్‌దాస్ పాత్ర మీకు గుర్తుండే ఉంటుంది. కబీర్ 15వ శతాబ్దం మనిషి. రామదాసుకీ ఆయనకీ మధ్య వందేళ్ళకు పైనే తేడా. కథగా బావుంటుంది, చరిత్ర అని షేర్ చేయకండి. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి రాత్రికి రాత్రి బాకీ కట్టడం మాత్రం నేను ఈ లెక్కల్లోకి తీసుకురాను. అది నమ్మకం, నేను నమ్ముతాను.

మరి తానీషా? రాజు కాకముందు సూఫీ గురువు షా రాజు దగ్గర శిష్యుడిగా గడిపినవాడు. బ్రాహ్మణుల చేతిలో రాజ్యం పెట్టాడన్నది ఔరంగజేబు అతని మీద మోపిన నేరాల్లో ఒకటి. అప్పటి ప్రచారం అది! ఇప్పటి ప్రచారంలో అదే మనిషి హిందూ ద్వేషి. కోట పడ్డాక అతన్ని దౌలతాబాద్ కోటలో బంధించారు, అక్కడే పోయాడు. రామదాసుని జైల్లో పెట్టిన రాజు చివరికి తనూ ఖైదీగానే మిగిలాడు.

విడుదలయ్యాక రామదాసు భద్రాచలానికే తిరిగి వెళ్ళారు. ఆయన కీర్తనలు ఊరూరా పాకాయి, తర్వాతి శతాబ్దంలో పుట్టిన త్యాగరాజు తన కృతుల్లో ఆయన్ని తలచుకున్నారు. గోల్కొండ వెళ్తే రామదాసు బందీఖానా తప్పకుండా చూడండి, గోడ మీద చెక్కిన దేవుడి బొమ్మలు ఇంకా ఉన్నాయి. శ్రీరామనవమికి భద్రాచలం వస్తే తలంబ్రాలు గమనించండి. మిగతా చోట్లలా పసుపు రంగులో ఉండవు, గులాల్ కలిపి ఎర్రగా ఉంటాయి. అది తానీషా కాలం నుంచి వస్తున్న పద్ధతి అంటారు. ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు ఆ రోజుల్లో నవాబు పంపాడని చెబుతారు, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పంపుతోంది.