మన్ననూరు అడవుల్లో పిట్టల లెక్క రాసిన సలీం అలీ

డాక్టర్ సలీం అలీ గారి పేరు వినని వారు మన సభ్యుల్లో అరుదు. పక్షుల గురించి మన దేశంలో ఎవరు ఏం మాట్లాడినా ఆయన పేరు తలుచుకోవలసిందే. అయితే ఆయనకు మన ప్రాంతంతో ఉన్న సంబంధం చాలా మందికి తెలియదు. పక్షిశాస్త్రంలో ఆయన చేపట్టిన మొదటి పెద్ద సర్వే నాటి హైదరాబాదు సంస్థానంలోనే జరిగింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా మన్ననూరు, ఫరహాబాదు అడవులు ఆ సర్వే విడిదుల్లో ఉన్నాయి. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆ మహనీయుని జీవితాన్ని క్లుప్తంగా స్మరించుకుందాం.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. ఏడాది నిండగానే తండ్రి, మూడేళ్ళ ప్రాయంలో తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలందరినీ చేరదీసి పెంచారు. మేనమామ గారికి వేట అంటే ప్రీతి. ఇంట్లో తుపాకులు, వేట కబుర్లు మామూలే. ఆ వాతావరణంలో పెరిగిన సలీంకు కూడా చిన్న గాలి తుపాకీ చేతికి వచ్చింది. పిచ్చుకలను కొట్టడం ఆ రోజుల్లో ఆయనకు కాలక్షేపం.

ఒకరోజు కొట్టిన పిచ్చుక మిగతా వాటిలా లేదు. గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇది ఏ పిట్ట? తినవచ్చునా, కూడదా? మేనమామ గారికీ తెలియలేదు. ఆయన అబ్బాయిని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. అక్కడి గౌరవ కార్యదర్శి డబ్ల్యు. ఎస్. మిల్లార్డ్ దొర పిల్లవాడే కదా అని పంపివేయలేదు. పిట్టను చూసి, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, బీరువాల సొరుగులు లాగి వరుసగా పేర్చిన పక్షి చర్మాలను చూపించారు. చదవడానికి పుస్తకాలిచ్చారు. చర్మం ఒలిచి దాచే విద్య నేర్చుకునే ఏర్పాటు చేశారు. అదే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. తర్వాత చాలా కాలానికి, 1985లో వెలువడిన తన ఆత్మకథకు ఆయన పిచ్చుక పేరునే పెట్టుకున్నారు.

చదువులో మాత్రం ఆయన దిట్ట కారు. మెట్రిక్యులేషన్ 1913లో ఎలాగో గట్టెక్కారు. ఆ తర్వాత కుటుంబ వ్యాపారం చూడటానికి బర్మా వెళ్ళారు. అక్కడ గనుల పని, కలప పని కన్నా అడవిలో పిట్టల వెంట తిరగడమే ఎక్కువైంది. తిరిగి వచ్చి సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్రం చదివారు. 1918లో తెహ్మీనా గారితో వివాహమైంది. 1926లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. ఇంకా నేర్చుకోవాలన్న తపనతో సెలవు పెట్టి, 1929లో బెర్లిన్ వెళ్ళి ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే మహా పండితుని దగ్గర శిష్యరికం చేశారు.

1930లో తిరిగి వచ్చేసరికి నిధులు లేవని ఆ ఉద్యోగాన్నే రద్దు చేశారు. విశ్వవిద్యాలయ పట్టా లేనందున వేరే ప్రభుత్వ కొలువూ దక్కలేదు. నెల జీతం ఆగిపోతే ఇల్లు ఎట్లా ఉంటుందో మనకు చెప్పనక్కరలేదు. భార్యాభర్తలు బొంబాయికి ఎదురుగా సముద్రం ఆవల ఉన్న కిహీం గ్రామానికి మకాం మార్చారు. అక్కడ ఇంటి దగ్గర చెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కట్టాయి. ఆయన నెలల తరబడి వాటినే గమనిస్తూ కూర్చున్నారు. మగ గిజిగాడు ఒక గూడు సగం కట్టి, ఆడపిట్ట వచ్చి మెచ్చిన తర్వాత పూర్తిచేసి, మళ్ళీ ఇంకో గూడు మొదలుపెడుతుందని లోకానికి తెలియజెప్పారు. ఉద్యోగం లేని రోజుల్లో చేసిన ఆ పని ఆయనకు శాస్త్రజ్ఞుల్లో పేరు తెచ్చింది.

అప్పుడే ఆయన సొసైటీ ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. సంస్థానాల్లో ఏ పక్షులు ఎక్కడ ఉన్నాయో సరైన లెక్క లేదు. ప్రయాణ ఖర్చులు, విడిది ఖర్చులు భరిస్తే జీతం లేకుండా ఆ పని చేస్తానన్నారు. ఆ విధంగా 1931లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థాన పక్షుల సర్వే ప్రారంభమైంది. అమ్రాబాద్ పీఠభూమి మీది మన్ననూరు, ఫరహాబాదుల నుండి గోదావరి తీరం అడవుల దాకా ఆయన తిరిగారు. ఇప్పటిలాగా మంచి రోడ్లు లేవు. మలేరియా భయం వేరే. అనేక సర్వేల్లో తెహ్మీనా గారు కూడా వెంట ఉండి విడిది పనులు చూసుకున్నారు.

ఆనాటి సర్వే పద్ధతి కూడా తెలుసుకోదగినది. అప్పట్లో పక్షిని నిర్ధారించాలంటే తుపాకీతో కొట్టి చేతికి తెచ్చుకోవలసిందే. ఈకలు చెడకుండా సన్నని రవ్వలు వాడేవారు. చర్మం ఒలిచి, పురుగు పట్టకుండా విషపు మందు పూసి, దూది కూరి, కాలికి చీటీ కట్టేవారు. కొట్టిన తేదీ, ఊరు, ఆడదా మగదా, కంటి రంగు, ముక్కు రంగు, కాళ్ళ రంగు చీటీలో రాయాలి. పిట్ట చచ్చిన కొద్దిసేపటికే కంటి రంగు మారిపోతుంది కనుక అప్పటికప్పుడే రాయాలి. రెవెన్యూ శాఖలో పనిచేసిన మిత్రులకు సులభంగా అర్థమయ్యే మాట ఒకటి చెప్పవచ్చు. చీటీ లేని పక్షి చర్మం సర్వే నంబరు లేని పట్టా వంటిది. ఎంత అందంగా ఉన్నా అక్కరకు రాదు.

తర్వాత అసలు చిక్కు మొదలవుతుంది. జాతి తెలిసినంత మాత్రాన సరిపోదు, ఉపజాతి తేల్చాలి. తెలుగు ఒకటే అయినా నల్లగొండ యాస వేరు, పాలమూరు యాస వేరు. పక్షుల్లోనూ అంతే. ఒకే జాతి పిట్ట ఒక సీమలో కొంచెం ఎర్రగా, మరో సీమలో కొంచెం పాలిపోయి, ఇంకో చోట రెక్క కాస్త పొడుగై కనిపిస్తుంది. అమెరికాలో వేటగాళ్ళు అడవి టర్కీ కోడిని కొట్టి తోక ఈకల చివర చూస్తారు. ముదురు గోధుమ రంగైతే తూర్పు రకం, లేత గోధుమ రంగైతే రియో గ్రాండే రకం, తెల్లగా ఉంటే మెరియమ్ రకం అంటారు. మన కౌజు, లావుక, అడవికోడి విషయంలోనూ ఇటువంటి పరీక్షే చేయాలి. అయితే ఒక్క పక్షిని చూసి తీర్పు చెప్పకూడదు. ఈకలు కొత్తగా వచ్చినప్పుడు ఒక రంగు, ఎండకు వెలిసిపోయాక మరో రంగు. కనుక వేరు వేరు ఊళ్ళ పక్షులను, ఒకే ఋతువులో తీసినవాటిని, మగదాని పక్కన మగదాన్నే పెట్టి, రెక్కలు కొలిచి పోల్చాలి. సర్వే విలువ అక్కడే ఉంది.

హైదరాబాదు సర్వేలో ఈ పోలిక పనికి తోడు నిలిచినవారు హ్యూ విస్లర్ దొర. ఆయన పంజాబు పోలీసు శాఖలో పనిచేసి, 1926లో పదవీ విరమణ చేసి, ఇంగ్లండులో పక్షుల అధ్యయనంలో గడిపిన వ్యక్తి. వీరిద్దరి స్నేహం తగాదాతో మొదలైంది. పొడుగు తోక పసల పోలిగాడి తోక ఈక గురించి విస్లర్ గారు రాసిన మాట తప్పని, కాడ మెలి తిరిగి ఉండటం వల్ల ఈక వైపులు తారుమారుగా కనిపిస్తాయని సలీం అలీ సొసైటీ పత్రికకు రాశారు. పేరు లేని ఒక భారతీయుడు తనను తప్పు పట్టడమా అని విస్లర్ గారికి కోపం వచ్చింది. సొసైటీ వారికి ఘాటుగానే ఉత్తరాలు రాశారు. కాని మళ్ళీ తన దగ్గరున్న చర్మాలు తీసి చూసి, తప్పు తనదేనని ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ ప్రాణమిత్రులయ్యారు. హైదరాబాదు సర్వే నివేదిక సొసైటీ పత్రికలో విస్లర్ గారి వివరణలతో 1933, 1934 సంవత్సరాల్లో భాగాలుగా వెలువడింది.

ఇటువంటి సర్వేల వల్లనే మన అడవుల సరిహద్దులు పక్షుల లెక్కలో తెలిసివచ్చాయి. ఉదాహరణకు అడవికోడి. ఎర్ర అడవికోడి ప్రధానంగా గోదావరికి ఉత్తరాన, సాల వృక్షాలున్న అడవులది. నల్లమలలో తిరిగేది బూడిదరంగు అడవికోడి. గోదావరి పరిసరాల్లో రెండూ కలుస్తాయి. రైతు కంటికి రెండూ అడవికోళ్ళే, శాస్త్రానికి వేరు వేరు జాతులు.

హైదరాబాదు తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ సంస్థానాల్లో ఆయన సర్వేలు సాగించారు. 1934లో విస్లర్, కిన్నియర్ కలిసి ఒక వడ్రంగి పిట్ట ఉపజాతికి తెహ్మీనా గారి పేరు పెట్టారు. ఐదేళ్ళకు, 1939లో, చిన్న శస్త్రచికిత్స తర్వాత ఆమె మరణించారు. ఆ దుఃఖం నుండి సలీం అలీ గారు తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. అడవిలో పక్కన నిలిచిన మనిషి పోయినా, ఆమె పేరు శాస్త్ర గ్రంథాల్లో ఆ పిట్టతో పాటు నిలిచి ఉంది. ఎర్ర నేలల్లో ఎర్రగా కనిపించే మైసూరు ప్రాంతపు లావుక ఉపజాతికి విస్లర్ గారు 1943లో సలీం అలీ పేరు పెట్టారు. విస్లర్ గారు చనిపోయినదీ ఆ ఏడాదే.

1941లో వచ్చిన ఆయన భారతీయ పక్షుల పుస్తకం సామాన్యులను పక్షుల వైపు తిప్పింది. అమెరికా పండితుడు డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన 10 సంపుటాల మహా గ్రంథం 1968 నుండి 1974 వరకు వెలువడింది. మొదటి సంపుటం వచ్చేనాటికి ఆయనకు 70 దాటాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

తుపాకీ పట్టినవాడు పక్షుల రక్షకుడెట్లా అయ్యాడని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. శాస్త్రానికి అవసరమైనంత వరకే పక్షిని తీయాలని, లెక్కా పత్రం లేకుండా కాపాడటం కుదరదని ఆయన అభిప్రాయం. భరత్‌పూర్ చిత్తడి నేలలను, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని కాపాడటంలో ఆయన మాటకు విలువ ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించని మన కలివి కోడి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దానిని వెతికినది ఆయన పెంచిన సొసైటీయే. ఆ పక్షిని పట్టి చూపించినది మాత్రం ఒక స్థానిక వేటగాడు. పల్లెటూరి వాని కంటికి, పండితుని పుస్తకానికి మధ్య ఉన్న దూరం అలా తగ్గింది.

సలీం అలీ గారు 1987లో 90 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి పక్షిని వేటాడటం నేరం. ఇప్పుడు పక్షిని గుర్తించడానికి దుర్భిణి, కెమెరా, ఓపిక చాలు. మన్ననూరు, ఫరహాబాదు అడవులు 2014 నుండి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. దాని అంచు దేవరకొండ వైపు దాకా వస్తుంది.

మన సభ్యులకు ఒక మనవి. కౌజు, లావుక, జిట్టకోడి వంటి పేర్లు మన ఇళ్ళలో పెద్దలకు తెలుసు, మనుమలకు తెలియవు. చిన్నప్పుడు మీ ఊరి చెలకల్లో, గుట్టల్లో ఏ పిట్టలు ఉండేవి, ఇప్పుడు ఏవి కనిపించడం లేదు అన్నది ఊరి పేరు, నెల, సంవత్సరంతో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. ఉద్యోగం పోయిన రోజుల్లో ఒక పెద్దమనిషి గిజిగాడి గూడు కింద కూర్చుని రాసుకున్న లెక్కే శాస్త్రమయింది. మనకు తీరిక ఉంది, అనుభవం ఉంది. ఇక కావలసింది ఒక కలం మాత్రమే.