విలియం రాక్స్‌బర్గ్

విలియం రాక్స్‌బర్గ్ (1751 - 1815) స్కాట్లండుకు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. కోరమాండల్ తీరపు మొక్కలను శాస్త్రీయముగా వర్ణించినవారిలో ముఖ్యుడు. ప్రాచీన ఇశ్రాయేలీయులు బలిపీఠముపై వేసిన సాంబ్రాణి ఏ చెట్టుది అనే చర్చలోనూ ఈయన పేరు వినిపిస్తుంది.

జీవితము

ఎడింబరోలో జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రము అభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యునిగా మద్రాసు చేరాడు. 1781 నుండి సామర్లకోటలో ఉండి మిరియాలు, నీలిమందు, చెరకు సాగుపై ప్రయోగాలు చేశాడు. ఆ కాలములో విశాఖపట్నములో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా ఉన్న పాట్రిక్ రస్సెల్ ఈయనకు ప్రోత్సాహమిచ్చాడు. రస్సెల్ అంతకు పూర్వము సిరియాలోని అలెప్పోలో చాలాకాలము వైద్యునిగా ఉన్నవాడు. ఆయన స్వదేశానికి వెళ్ళిన పిమ్మట ఆ పదవి రాక్స్‌బర్గుకు దక్కింది. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతియై, 1813 వరకు అక్కడే పనిచేశాడు.

300 చిత్రములతో మూడు సంపుటాలుగా వెలువడిన "కోరమాండల్ తీరపు మొక్కలు" (1795 - 1820) ఈయన ప్రధాన గ్రంథము. ఇందులో మొక్కల తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. వాటిని చెప్పిన ఊరివారి పేర్లు, బొమ్మలు వేసిన దేశీయ చిత్రకారుల పేర్లు మాత్రము మరుగున పడటము విచారకరము. "ఫ్లోరా ఇండికా" ఈయన మరణానంతరము విలియం కేరీ చొరవతో అచ్చయింది.

సాంబ్రాణి చెట్టు

నిర్గమకాండము 30వ అధ్యాయములో దేవాలయ ధూపము పాళ్ళు ఉన్నాయి. అందులో సాంబ్రాణి ఒకటి. (తెలుగు బైబిలులో దీనిని సాంబ్రాణి అన్నా, మన అంగళ్ళలో ఆ పేరుతో అమ్మే జిగురులన్నీ ఒక్క చెట్టువి కావు.) 1807లో కోల్‌బ్రూక్ తన వ్యాసములో, సంస్కృతములో శల్లకి అనబడే చెట్టు జిగురే ప్రాచీనుల సాంబ్రాణి అని వాదించాడు. ఆ చెట్టు శాస్త్రీయ వర్ణన రాక్స్‌బర్గుది. బాస్వెలియా సెర్రాటా అనే ఈ చెట్టును తెలుగులో అందుగు అంటారు. తరువాతి పరిశోధకులు అరేబియా, సోమాలియా ప్రాంతాల బాస్వెలియా జాతులే అసలు మూలమని తేల్చారు. కోల్‌బ్రూక్ వాదము నిలువకపోయినా, రాక్స్‌బర్గ్ వర్ణించిన చెట్టు మాత్రము అదే పేరుతో నిలిచింది.

ఈ విషయముపై 2020లో కొత్త వెలుగు ప్రసరించింది. ఇశ్రాయేలులోని తెల్ అరాద్‌లో 1960ల త్రవ్వకాలలో యూదా రాజ్యకాలపు కోట, అందులో ఒక ఆలయము బయటపడ్డాయి. గర్భగుడి ద్వారము వద్ద దొరికిన రెండు సున్నపురాతి బలిపీఠాలు క్రీ.పూ. 8వ శతాబ్దము నాటివి. వాటిపై మిగిలిన నల్లని మసిని పరీక్షించగా, పెద్దదానిపై జంతువుల కొవ్వుతో కలిపిన సాంబ్రాణి, చిన్నదానిపై పేడతో కలిపిన గంజాయి ఆనవాళ్ళు కనిపించాయి. సన్నని వేడిపై కాలడానికి పేడ కలిపారని పరిశోధకుల అభిప్రాయము. గంజాయికి పరిమళము కోసమే అయితే అంత దూరము నుండి తెప్పించనవసరము లేదు గనుక, మత్తు కొరకే వాడి ఉంటారని వారి ఊహ. బైబిలు ధూపము పాళ్ళలో గంజాయి పేరు స్పష్టముగా లేదు. బాస్వెలియా జిగురులోని ఒక పదార్థము ఎలుకలలో ఆందోళనను తగ్గించినట్లు 2008లో వేరొక పరిశోధన తెలిపింది.

రాక్స్‌బర్గ్ ఆరోగ్యము క్షీణించగా భారతదేశము వీడి, 1815లో ఎడింబరోలో మరణించాడు.