యల్లాప్రగడ సుబ్బారావు

సబ్బవరము పొలములలో కూలివాడు వరిమోపును ఒక్క ఊపున తలకెత్తుకొనును. ఊపిరి వేగము హెచ్చుటకు ముందే వాని కండరములకు ఆ బలము ఎక్కడిది? ఈ రహస్యమును ఛేదించినవారిలో ముఖ్యుడు, తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించెను. కుటుంబము పేదది. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు ఉత్తీర్ణుడయ్యెను. మదరాసున వైద్యవిద్య నభ్యసించెను. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరుల నిద్దరిని కొలదిదినముల వ్యవధిలో బలిగొనెను. 1922లో ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరి, రాత్రులు ఆసుపత్రిలో పరిచారకుడుగా పనిచేయుచు చదువు సాగించెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కలిసి ఆయన భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ కొలతయే కండరములోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును బయల్పరచెను. కండరము శ్రమించునపుడు అది విడిపోవును. విశ్రమించునపుడు మరల కూడుకొనును. 1929లో వారు ఏ.టి.పి.ని వేరుపరచిరి. కణము వెచ్చించు శక్తి దీనినుండియే లభించును. శ్రమచే అది తరుగుచుండగా ఫాస్ఫోక్రియాటిన్ వెంటనే దానిని పూరించునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. కరవుకాలమున గాదెలోని ధాన్యమువలె అది కణము నాదుకొనును.

హార్వర్డున స్థిరపదవి లభింపకపోగా, 1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలకు మారెను. అచట ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారయ్యెను. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి అదియే ఔషధమయ్యెను. 1948లో సుబ్బారావు పరమపదించెను. ఆయన కృషి నేటికిని రోగుల ప్రాణములను కాపాడుచున్నది.